ఇంటి ధరలో పొరుగింటి వాటా

గత సంవత్సరం ఆషాఢ మాసంలో ఒక రాత్రి ఇషా నమాజు ముగిసిన తరువాత విజయనగరం వాస్తవ్యులైన ఒక సోదరుడు మా వద్దకు వచ్చి కూర్చున్నారు. “మౌలానా సాబ్, ఇల్లు అమ్మకానికి పెట్టాను. ఒక మస్అలా అడగాలి” అన్నారు.

ఆయన ఇల్లు నూట ఇరవై గజాల స్థలంలో ఇరవై ఏళ్ల క్రితం కట్టుకున్నది. మసీదు నాలుగడుగుల దూరం. వీధి మంచిది, కుళాయి నీటికి లోటు లేదు. అయితే ఆరేళ్ల క్రితం ఇంటి వెనుక ఖాళీ స్థలంలో ఒక కల్యాణ మండపం వెలిసింది. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే రాత్రి ఒంటిగంట దాకా డీజే మోత, బాణాసంచా, కరెంటు పోతే జనరేటరు, తెల్లవారుజామున ముహూర్తమైతే సన్నాయి, డోలు. భార్య శస్త్రచికిత్స కోసం బావమరిది వద్ద తీసుకున్న అప్పు తీర్చే గడువు దగ్గరపడింది. ఇల్లు అమ్మక తప్పదు.

మధ్యవర్తి ఆయనకు ఒక ఉపాయం చెప్పాడట. “ఆషాఢంలో ముహూర్తాలుండవు సాయిబు గారూ, మండపానికి తాళమే. ఈ నెల్లోనే బేరం ముగించేద్దాం. పార్టీని పొద్దున్న పదకొండింటికి తీసుకొస్తాను. మీరు వెనక కిటికీలు మూసి ఉంచండి, చాలు.”

చంటిబిడ్డతో ఉన్న ఒక యువ దంపతులు వచ్చి ఇల్లు చూశారు. వారికి నచ్చింది. మరో రెండు రోజుల్లో బయానా ఇస్తామన్నారు. “వాళ్లు చప్పుడు సంగతి అడగలేదు, నేను చెప్పలేదు. నేను అబద్ధమాడినట్టా మౌలానా సాబ్?” ఇదీ ఆ సోదరుని ప్రశ్న.

ఆ రాత్రి మేము ఆయనకు ఇచ్చిన జవాబునూ, ఆ జవాబు తిరిగి మా మీదికే ఎలా వచ్చిందో ఆ సంగతినీ ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇల్లు కొనడం, అమ్మడం ప్రతి కుటుంబానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే విషయం. జీవితకాలపు సంపాదన అంతా ఆ ఒక్క బేరంలోనే ఉంటుంది.

ముందుగా ఇంటి ధర అంటే ఏమిటో ఆలోచిద్దాం. ఇటుక, సిమెంటు, ఇనుము, కూలి ఖర్చులు ఊరంతటా దాదాపు ఒక్కటే. అయినా ఒకే కొలతల్లో, ఒకే మేస్త్రీ కట్టిన రెండు ఇళ్లకు రెండు ధరలు పలుకుతాయి. ఆ తేడా గోడల లోపల లేదు, గోడల బయట ఉంది. బడికి ఎంత దూరం, ఆసుపత్రికి ఎంత దూరం, వానాకాలంలో వీధిలో నీరు నిలుస్తుందా, రాత్రి ఆడపిల్ల ట్యూషను నుండి నడిచి రాగలదా, కంటికి నిద్ర పడుతుందా అనే వాటికే మనం గజానికింత అని వెల కడుతున్నాము.

చప్పుడు సంగతి ఇంకా విచిత్రమైనది. ఒకే సందడి ఒకరికి లాభం, మరొకరికి నష్టం. విజయనగరంలో గంటస్తంభం దగ్గరో, శ్రీకాకుళంలో ఏడురోడ్ల కూడలి దగ్గరో దుకాణం వెదికేవాడు ఆ రద్దీ కోసమే ఎక్కువ ధర ఇస్తాడు. జనం లేని చోట బేరం ఉండదు కదా! కాపురానికి ఇల్లు వెదికేవాడు అదే కూడలికి రెండు సందులు లోపలికి వెళ్లి, అక్కడి నిశ్శబ్దానికి వెల ఇస్తాడు. బజారు దగ్గరగా ఉండాలి, బజారు హోరు మాత్రం వినపడకూడదు. రెండూ కుదిరిన వీధిలో ఇల్లు దొరకడమే కష్టం.

రైలు మార్గం కూడా ఇంతే. హౌరా – చెన్నై ప్రధాన మార్గం పలాస, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషను, చీపురుపల్లి, విజయనగరం మీదుగా సాగుతుంది. విజయనగరం వద్ద రాయగడ వైపు మరో మార్గం చీలుతుంది. స్టేషను దగ్గర ఇల్లు ప్రయాణానికి సౌకర్యమే. కాని పట్టాల పక్కనే ఉన్న ఇంట్లో రాత్రంతా గూడ్సు బళ్లు పోతుంటే మంచాలు అదురుతాయి. స్టేషనుకు దగ్గరగా ఉండడం ధరను పెంచుతుంది, పట్టాలకు దగ్గరగా ఉండడం ధరను తగ్గిస్తుంది. జాతీయ రహదారి 16 వెంబడి ఎచ్చెర్ల, నరసన్నపేట, టెక్కలి ప్రాంతాలలో స్థలాలు కొనేవారు కూడా ఈ రెండింటినీ విడివిడిగా లెక్క వేసుకోవాలి.

మన ప్రాంతంలో వీధిపోటు ఉన్న స్థలానికి ధర తగ్గుతుంది. విశ్వాసులమైన మనం శుభాశుభ శకునాలను నమ్మము కనుక ఆ భయం మనకు లేదు. అటువంటి స్థలం తక్కువ ధరకు వస్తే కొనుక్కోవడంలో దోషమూ లేదు. కాని చప్పుడు శకునం కాదు, నమ్మకం మీద ఆధారపడిన లోపం కాదు. నమ్మినా నమ్మకపోయినా అది చెవిన పడుతుంది, నిద్రను చెడగొడుతుంది, చంటిబిడ్డను ఉలిక్కిపడేలా చేస్తుంది.

ఈ నష్టాన్ని లెక్క కట్టిన పండితులు ఉన్నారు. అమెరికా, కెనడాలలోని 23 విమానాశ్రయాల చుట్టూ ఇళ్ల ధరలపై జరిగిన 20 అధ్యయనాలను జాన్ నెల్సన్ అనే ఆర్థికవేత్త 2004లో ఒకచోట చేర్చి పరిశీలించారు. విమానాల ధ్వని ఒక్క డెసిబెల్ పెరిగితే ఇంటి ధర సుమారు 0.5 నుండి 0.6 శాతం వరకు తగ్గుతున్నదని తేల్చారు. డెసిబెల్ అంటే ధ్వని తీవ్రతకు కొలమానం. పది డెసిబెళ్లు పెరిగితే మన చెవికి చప్పుడు దాదాపు రెట్టింపైనట్టు తోస్తుంది. ఆ లెక్కన పది డెసిబెళ్ల తేడా 40 లక్షల ఇంటి మీద 2 లక్షల పైమాటే. ఈ అంకె పరాయి దేశపు విమానాశ్రయాలది. దానిని మన వీధులకు యథాతథంగా అన్వయించకూడదు. అయినా ఒక సంగతి తేటతెల్లం అవుతున్నది. చప్పుడు చేసేవాడు గాలిని మాత్రమే కదిలించడం లేదు, పక్కింటివాని ఆస్తినీ కదిలిస్తున్నాడు.

విమానాశ్రయం మాట మనకు ఇప్పుడు దూరపు మాట కాదు. విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరొకసారి శంకుస్థాపన జరిగింది. దాని కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట గ్రామాల ప్రజలు తమ ఇళ్లను వదిలి వెళ్లవలసి వచ్చింది. ఆ చుట్టుపక్కల భూముల ధరలు ఎలా పెరిగాయో ఆ దారిన వెళ్లే ప్రతివారికీ తెలుసు. రహదారికి ఇరువైపులా లేఅవుట్ల బోర్డులే. ఆ బోర్డులన్నీ విమానాశ్రయానికి ఎన్ని నిమిషాల దూరమో చెబుతాయి. విమానం ఏ ఇంటి కప్పు మీదుగా దిగుతుందో చెప్పవు. దూరం ఒక్కటే చూసి కొనకండి. 3,800 మీటర్ల రన్‌వే ఏ దిక్కుగా ఉన్నదో, దానికి సూటిగా ఉన్న గ్రామాలేవో కూడా పటంలో చూడండి. రన్‌వేకు పక్కగా ఉన్న స్థలానికీ, దానికి సూటిగా ఉన్న స్థలానికీ దూరం ఒక్కటే కావచ్చు, రాత్రులు మాత్రం ఒక్కటి కావు.

ఈ వివరాలు దస్తావేజుల్లో దొరుకుతాయా అంటే దొరకవు. ఈసీ తీస్తే ఆ ఆస్తి మీద తనఖా ఉన్నదో లేదో తెలుస్తుంది. రిజిస్ట్రేషను శాఖవారి మార్కెట్ విలువ ప్రాంతాన్ని బట్టి గజానికింత అని చెబుతుంది. వెనుక కల్యాణ మండపం ఉన్నదనీ, పక్కన వెల్డింగు షాపు ఉన్నదనీ ఏ కాగితమూ చెప్పదు. అమ్మేవాని నోరు ఒక్కటే చెప్పగలదు. అందుకే ఆ సోదరుని ప్రశ్న చిన్నది కాదు.

మేము ఆయనకు మదీనా బజారులో జరిగిన సంఘటనను గుర్తు చేశాము. మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. ఇదేమిటని ప్రశ్నించగా వర్తకుడు వానకు తడిసిందన్నాడు. అయితే జనానికి కనిపించేలా ఆ తడి గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన (సఅసం) అడిగి, మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని హదీసు ఇది. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఆ వర్తకుడు నోటితో ఒక్క అబద్ధమూ ఆడలేదు. తడి అతను చేసిన తప్పు కూడా కాదు, ఆకాశం నుండి కురిసిన వాన. అతని తప్పల్లా పొడి గింజలను పైన, తడి గింజలను కింద ఉంచడమే. ఆషాఢంలో, పగలు పదకొండింటికి, వెనుక కిటికీలు మూసి ఇల్లు చూపించడం దీనికి భిన్నమైనదా?

మన హనఫీ ధర్మశాస్త్రంలో సరుకు లోపాన్ని నిర్ణయించడానికి ఒక సూత్రం ఉన్నది. వర్తకుల వాడుకలో దేనివల్ల ధర తగ్గుతుందో అది లోపమే. మదరసాలలో బోధించే హిదాయా గ్రంథంలో ఈ సూత్రం కనిపిస్తుంది. కొన్న తరువాత చప్పుడు కారణంగా ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కొనుగోలుదారునికి ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు ఉండదు అన్నది ముఫ్తీలు ఒక్కో సందర్భాన్ని చూసి తేల్చవలసిన విషయం. ఆ సోదరునికి మాత్రం మేము ఒక్క ప్రశ్న వేశాము. “మండపం సంగతి తెలిస్తే ధర తగ్గుతుందని మీకు తెలుసా?” “తెలుసు” అన్నారాయన. “ధర తగ్గుతుందని తెలిసే కదా కిటికీలు మూశారు! మీ జవాబు మీ దగ్గరే ఉన్నది” అన్నాము. ఆయన కొంతసేపు తల వంచుకుని కూర్చుని, సలాం చెప్పి వెళ్లిపోయారు.

ఇంతవరకు మేము ముఫ్తీ గద్దె మీద కూర్చున్నట్టే మాట్లాడాము. ఆ తరువాత జరిగినది చెప్పకపోతే మేము కూడా కిటికీలు మూసినవారమే అవుతాము.

ఆ రాత్రి మదరసా నుండి నడిచి వస్తూ ఎదురింటి గేటుకు వేలాడుతున్న బోర్డును చూశాము. “పై వాటా అద్దెకు ఇవ్వబడును.” ఆ బోర్డు ఐదు నెలలుగా అక్కడే ఉన్నది. ఆ ఇల్లు ఒక రిటైర్డు ఉపాధ్యాయునిది. వీధిలో అందరమూ ఆయనను మాస్టారు అనే పిలుస్తాము. మా మదరసా డాబా మీద ఒక లౌడ్‌స్పీకరు ఉండేది, దాని నోరు వీధి వైపే. ఫజ్ర్ నమాజు తరువాత పిల్లల పారాయణం, గురువారం రాత్రి ప్రసంగం దాని గుండానే వినిపించేవి. వీధికంతా పుణ్యం పంచుతున్నామనే మేము అనుకునేవారం. ఆ బోర్డునూ, ఆ లౌడ్‌స్పీకరునూ కలిపి చూడాలన్న ఆలోచన మాకు ఐదు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు.

మరునాడు ఉదయం వెళ్లి అడిగాము. “మాస్టారూ, పై వాటాకు ఎవరూ రావడం లేదా?” ఆయన నవ్వి ఊరుకోబోయారు. మళ్లీ అడిగితే, “వస్తున్నారు మౌలానా గారూ. సాయంత్రం వచ్చి చూసి సరేనంటారు. నేనే, తెల్లవారుజామున ఒకసారి వచ్చి చూడండి బాబూ అని పంపిస్తాను. మళ్లీ రావడం లేదు” అన్నారు. మాకు మాట రాలేదు. మేము కితాబులు తెరిచి బోధించే ధర్మాన్ని ఆయన మా వల్లే నష్టపోతూ కూడా పాటిస్తున్నారు. ఎందుకు చెప్పలేదని అడిగాము. “పిల్లలు చదువుకుంటున్నారు. నేనూ మాస్టారునే కదా, ఏమని చెప్పను?” అన్నారు.

దివ్యఖుర్ఆన్‌లోని షుఅరా అధ్యాయం 183వ ఆయతులో షుఐబ్ (అలైహిస్సలాం) ప్రజలను, జనుల వస్తువులను వారికి తగ్గించి ఇవ్వవద్దని వారించిన వైనం ఉన్నది. అక్కడి మాటకు మూలం బఖ్స్, అనగా ఉన్న విలువను తగ్గించడం. సోదరులు యూసుఫ్ (అలైహిస్సలాం)ను బావిలో పడవేసిన తరువాత ఆయనను అమ్మిన అతి తక్కువ వెలకు కూడా ఖుర్ఆన్ ఇదే మాట వాడింది. షుఐబ్ గారి హెచ్చరిక నేరుగా కొలతలకు, తూనికలకు సంబంధించినది. దాని వెలుగులో మమ్మల్ని మేము ప్రశ్నించుకున్నాము. త్రాసు పట్టకుండానే మాస్టారి పై వాటా విలువను తగ్గించినది ఎవరు? ఆ ఐదు నెలల అద్దె మా జేబులోకి రాలేదు, నిజమే. ఆయన జేబు నుండి పోవడానికి కారణం మాత్రం మేమే.

పుణ్యకార్యం కనుక దోషం లేదని సర్దిచెప్పుకునే వీలు కూడా మనకు లేదు. మహాప్రవక్త (సఅసం) మసీదులో ఏతికాఫ్‌లో ఉండగా కొందరు బిగ్గరగా ఖుర్ఆన్ పారాయణం చేయడం విన్నారు. తెర తొలగించి, మీలో ప్రతి ఒక్కరూ తన ప్రభువుతో మొర పెట్టుకుంటున్నవారే, ఒకరినొకరు బాధించవద్దు, పారాయణంలో ఒకరిపై ఒకరు గొంతు పెంచవద్దు అనే భావం వచ్చేలా బోధించారు. ఇది అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. మసీదు లోపల, ఖుర్ఆన్ చదివేవారి మధ్యనే ఇంత జాగ్రత్త అవసరమైతే, నిద్రపోతున్న పొరుగువాని పట్ల ఎంత జాగ్రత్త అవసరమో ఆలోచించండి. అన్నిసా అధ్యాయం 36వ ఆయతు బంధువైన పొరుగువానితో పాటు పరాయి పొరుగువానినీ పేర్కొన్నది. మంచితనం పొందే హక్కు ఇద్దరికీ ఉన్నది.

ఆ వారమే డాబా మీది లౌడ్‌స్పీకరు దించి, గదిలోనే వినిపించే చిన్న స్పీకరు పెట్టుకున్నాము. మాస్టారిని క్షమాపణ అడిగాము. అల్లాహ్ హక్కుల విషయంలో తౌబా చేసుకోవచ్చు, దాసుల హక్కుల విషయంలో ముందు ఆ దాసుడు క్షమించాలి. ఇప్పుడు పై వాటాలో ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం ఉంటున్నది.

చట్టం ఏమంటున్నదో కూడా తెలుసుకుని ఉండడం మంచిది. కేంద్ర ప్రభుత్వం 2000లో చేసిన ధ్వని కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించకూడదు. వ్యాపార ప్రాంతాలలో ఈ పరిమితి 65, 55. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు ప్రకటించే నిశ్శబ్ద మండలంలో 50, 40. రాత్రి అంటే పది గంటల నుండి ఉదయం ఆరు వరకు. ఆ సమయంలో బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పండుగలు, ఉత్సవాల కోసం రాష్ట్ర ప్రభుత్వం సంవత్సరానికి 15 రోజులకు మించకుండా రాత్రి పన్నెండు వరకు సడలింపు ఇవ్వవచ్చు. ఇతరులకు భంగం కలిగించేలా లౌడ్‌స్పీకర్లతో ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000 ఆగస్టులో ఒక చర్చికి సంబంధించిన కేసులో వ్యాఖ్యానించింది. ఈ నియమం కల్యాణ మండపానికీ, మందిరానికీ, చర్చికీ, మన జల్సాలకూ ఒక్కటే. పది గంటలకు డీజే ఆగాలని కోరే మనం, అర్ధరాత్రి దాటే వరకు జల్సా ప్రసంగాలు మైకులో వినిపిస్తే మన ఫిర్యాదుకు బలం ఎక్కడిది? అజాన్ కొద్ది నిమిషాలది. దాని విషయంలోనూ మసీదు కమిటీలు ధ్వని పరిమితినీ, అనుమతులనూ స్థానిక అధికారుల ద్వారా తెలుసుకుని నడుచుకోవడం వివేకం. అజాన్‌కు ముందూ వెనుకా మనం మైకులో కలిపే ప్రకటనలు, పాటలు మాత్రం మన అలవాటే తప్ప ధర్మం కాదు.

చప్పుడు బాధను అనుభవిస్తున్నవారికి ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) జీవితంలో ఒక మాదిరి ఉన్నది. కూఫాలో ఆయన పొరుగున ఒక చెప్పులు కుట్టేవాడు ఉండేవాడు. రోజంతా పని చేసి, రాత్రి మద్యం సేవించి గొంతెత్తి పాడేవాడు. ఇమామ్ గారు రాత్రంతా నమాజులో ఉంటూ ఆ పాటను వింటూండేవారు. ఒక రాత్రి పాట వినపడలేదు. విచారిస్తే అతన్ని కావలివారు పట్టుకుపోయారని తెలిసింది. ఇమామ్ గారు స్వయంగా అమీరు వద్దకు వెళ్లి పొరుగువానిని విడిపించి తెచ్చారు. ఆ తరువాత అతడు ఆ అలవాటుకు స్వస్తి చెప్పాడని చరిత్రకారులు రాశారు. దీని అర్థం బాధను నోరు మూసుకుని భరించమని కాదు, ఫిర్యాదు చేసే హక్కు లేదని కూడా కాదు. ఠాణాకు వెళ్లే ముందు ఒకసారి పొరుగింటి తలుపు తట్టమని. మాస్టారు ముందే మా తలుపు తట్టి ఉంటే ఆయనకు ఐదు నెలల అద్దె మిగిలేది. మేమే ముందుగా ఆయన తలుపు తట్టి ఉంటే ఇంకా మేలుగా ఉండేది.

ఇక కొనేవారికి నాలుగు మాటలు. ఇంటిని పగలు ఒక్కసారి చూసి బయానా ఇవ్వకండి. రాత్రి పది దాటాక ఒకసారి, ఫజ్ర్ వేళ ఒకసారి, ఆదివారం సాయంత్రం ఒకసారి ఆ వీధిలో నడవండి. మధ్యవర్తిని కాదు, ఇస్త్రీ బండి అతన్ని, మూలనున్న కిరాణా కొట్టు యజమానిని అడగండి. పెళ్లిళ్ల కాలంలో, పండుగల్లో ఎలా ఉంటుందో విచారించండి. పక్కన ఖాళీ స్థలం ఉంటే అక్కడ రేపు ఏమి రాబోతున్నదో మునిసిపాలిటీలో కనుక్కోండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంటిని మీ ఇంటి ఆడవారికి చూపించకుండా నిర్ణయం తీసుకోకండి. మగవారు ఆ ఇంట్లో రాత్రి నిద్రపోతారు, ఆడవారు రాత్రింబవళ్లు ఉంటారు. పసిబిడ్డను నిద్రపుచ్చేదీ, మంచాన పడిన అత్తగారికి మందులిచ్చేదీ, పరీక్షలకు చదివే పిల్లల పక్కన కూర్చునేదీ వారే. లోపం తెలిసి ధర తగ్గించమని అడగడం కొనేవారి హక్కు. అమ్మేవారి అవసరాన్ని కనిపెట్టి లేని లోపాలు ఎంచి మరీ పిండడం మాత్రం బఖ్స్ కిందికే వస్తుంది.

అమ్మేవారికి కూడా ఒక మాట. ముందుగా పొరుగువారిని అడగండి. మహాప్రవక్త (సఅసం) విముక్తి చేసిన సేవకులు అబూ రాఫె (రజియల్లాహు అన్హు) తన రెండు గదులను పొరుగున ఉన్న సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజియల్లాహు అన్హు)కు అమ్మజూపారు. సఅద్ గారు నాలుగు వేలకు మించి, అదీ వాయిదాల మీద తప్ప ఇవ్వలేనన్నారు. అప్పటికే అబూ రాఫె గారికి మరొకరు 500 దీనార్లు ఇస్తామన్నారు. దీనారుకు పది, పన్నెండు దిర్హములు అనుకుంటే అది అయిదారు వేల దిర్హములు. అయినా పొరుగువానికే ఎక్కువ హక్కు ఉన్నదని దైవప్రవక్త (సఅసం) చెప్పగా విన్నాను కనుకనే ఇస్తున్నానని చెప్పి, ఆ గదులను సఅద్ గారికే ఇచ్చారు. ఈ ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉన్నది.

మర్వ్ నగరానికి చెందిన మహా పండితులు, హిజ్రీ 181లో మరణించిన అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మతుల్లాహి అలైహి) గురించి మన పెద్దలు చెప్పే ఒక వృత్తాంతం ఉన్నది. ఆయన పొరుగున ఉన్న ఒక యూదుడు ఇల్లు అమ్మదలచి రెండు వేలు అడిగాడు. ఇల్లు వెయ్యికి మించి చేయదు కదా అన్నారు జనం. వెయ్యి ఇంటికి, వెయ్యి ఇబ్ను ముబారక్ పొరుగుకు అన్నాడట. కట్టడం ధర ఒక్కటే, పొరుగువాని వల్ల అది రెట్టింపయింది. మన పొరుగున ఉన్నవారు రేపు ఇల్లు అమ్మదలిస్తే మన పేరు చెప్పి ధర పెంచుతారా, మన పేరు దాచి కిటికీలు మూస్తారా? ముస్లిం కుటుంబానికి ఇల్లు అద్దెకు ఇవ్వడానికి వెనుకాడేవారు మన పట్టణాలలో ఉన్నారని మనం బాధపడుతుంటాము. ఆ బాధ న్యాయమైనదే. ఎదుటివారి దురభిమానాన్ని మనం ఒక్క రోజులో మార్చలేము. మన డాబా మీది లౌడ్‌స్పీకరు ముఖాన్ని మాత్రం ఈ రోజే తిప్పగలము.

ఆ సోదరుని సంగతి చెప్పి ముగిస్తాము. ఆయన ఆ యువ దంపతులకు ఫోను చేసి మండపం విషయం చెప్పారు. వారు కృతజ్ఞతలు చెప్పి, వద్దనుకున్నారు. మధ్యవర్తి కోపగించుకుని పదిహేను రోజులు మాట్లాడలేదు. బావమరిది మరి నాలుగు నెలలు గడువిచ్చారు. శ్రావణంలో మండపం మోగుతుండగానే, కిటికీలు తెరిచి ఉండగానే, మరొకరు వచ్చి చూశారు. పెళ్లిళ్లకు పూల అలంకరణ చేసే వ్యాపారి ఆయన. మండపం వెనుకే ఇల్లు దొరకడం తన పనికి సౌకర్యమన్నారు. తెల్లవారకముందే పని మొదలుపెట్టే కుటుంబానికి ఆ చప్పుడు అలవాటే. మొదట అనుకున్న ధర కంటే లక్షన్నర తక్కువకు బేరం కుదిరింది. అప్పు పూర్తిగా తీరలేదు. మిగిలినది నెలనెలా కడుతున్నారు. మొన్న జుమా నాడు కలిసినప్పుడు, కొత్త అద్దె ఇల్లు ఎలా ఉన్నదని అడిగాము. “చిన్నదే మౌలానా సాబ్. నిద్ర పడుతోంది” అన్నారు.

నివాసం ఏర్పరచుకున్న చోట చెడ్డ పొరుగువాని బారి నుండి మహాప్రవక్త (సఅసం) అల్లాహ్ శరణు వేడుకునేవారు. ఆ దుఆ చేసేటప్పుడు మన పొరుగువారు కూడా మన బారి నుండి శరణు కోరవలసిన స్థితి రాకూడదని వేడుకుందాం. అల్లాహ్ మన ఇళ్లను ప్రశాంతతకు నిలయాలుగా చేయుగాక! మన అమ్మకాలలో, కొనుగోళ్లలో సత్యాన్నీ, శుభాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.